మూడో గదిలో లేని అర

కాంక్రీటు పంపు గొట్టం మీద కాలు పెట్టి నిలబడింది జెబా.

"కాలు తియ్యమ్మా," అన్నాడు పంపు నడిపేవాడు.

"తియ్య."

"పంపులకెల్లి మాలొస్తే గొట్టం ఎగిరి కాలు పోతది."

"పోనీ. ఇంకోటున్నది."

టైము పదకొండు ఇరవై. గొట్టం రెండో కొస ఆమె వెనక గోతిలోకి దిగి, చీకట్లోకి పోయింది. డ్రైనేజీ పైపు కోసం బోయిగూడ సందు తవ్వుతుంటే పదిహేను రోజుల కింద బయటపడ్డ గొయ్యి అది. దాని అడుగున నాలుగు వందల ఏళ్ళ నాటి నేలమాళిగలు. మూడు రాతి గదులు, ఒకదాని వెనక ఒకటి. పైనున్న ఇళ్ళు బీటలిస్తున్నాయి కాబట్టి గదుల్ని కాంక్రీటుతో నింపెయ్యమని ఆర్డరొచ్చింది. పన్నెండింటికి మొదలుపెట్టాలి. మూడు మిక్సర్ లారీలు సందు మొగదల నిలబడి డ్రమ్ములు గుండ్రంగా తిప్పుకుంటున్నాయి.

ఆ గదుల కొలతలు తీస్తున్న సర్వేయర్ తారిఖ్ గురువారం సాయంత్రం నుంచి కనబడటం లేదు. ఇవాళ శనివారం. పిల్లాడికి ఇరవై ఆరేళ్ళు. తల్లి ఖుర్షీదా చీరలకు ఫాల్స్ కుట్టి చదివించింది. వెతికిపెట్టమని జెబా దగ్గరికి వచ్చింది ఆమే. ఆమె ఇప్పుడు గోతి అంచున, మిట్ట మధ్యాహ్నపు ఎండలో, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ సుబ్బరాజు జీపు దిగి నిదానంగా నడిచొచ్చాడు. ఆరడుగుల మనిషి. ఎక్కడికి నడిచొచ్చినా ఆ చోటు తనదే అన్నట్టు వస్తాడు. బొల్లారం కేసులో అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని జెబా రుజువు చేసి రెండేళ్ళయింది. ఆ సంగతి ఆమె మర్చిపోయింది. అతను మర్చిపోలేదు.

"ఏవమ్మా డిటెక్టివు, గొట్టం మీద నుంచుంటే కేసు తేలిపోద్దా?"

"తేలదు రాజుగారూ. కాని మునగదు."

"నీ తారిఖ్ కింద దొరికిన రెండు కంచు దీపాలు పట్టుకుని చెక్కేశాడు. స్కూటరు సికింద్రాబాద్ స్టేషన్ పార్కింగ్‌లో ఉంది. చీటీ మీద గురువారం సాయంత్రం ఆరూ నలభై. రైలెక్కేశాడు. ఇంకేం కావాలి?"

"పొద్దున నేనుసుత ఆ స్కూటర్ చూసొచ్చిన. రెండు అద్దాలు కిందికి వంచి ఉన్నయి. తారిఖ్ మీ అంత పొడుగుంటడు. ఆ అద్దాల్ల వానికి కనబడేది వాని మోకాళ్ళే."

"పార్కింగ్‌లో ఎవడో తిప్పుంటాడు."

"రెండు అద్దాలు, ఒక్క తీరుగనా?"

సుబ్బరాజు వేలు చూపించి, "తప్పుకో," అన్నాడు. చాచిన కుడిచేతి మణికట్టుకు పసుపు దారపు కంకణం కనబడింది.

"తప్పుకోను. పిల్లగాడు పైకొచ్చినట్టు ఒక్కరు చెప్పుండ్రి, తప్పుకుంట. మొఖం చూసినోళ్ళు కావాలె. స్కూటర్‌ను చూసినోళ్ళు కాదు."

"ఏందమ్మా గిది?" కాంట్రాక్టర్ హరికిషన్ రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. నిలువెత్తు మనిషి, పెద్ద గొంతు. "పొద్దు పది గంటలకు నింపిన మిక్సర్లు. పన్నెండు దాటితే మాలు లోపల్నే గడ్డ కడ్తది. ఎవరు జిమ్మెదారి? నువ్వా?"

"నేనే, సేఠ్."

అప్పుడు కల్పించుకున్నాడు సత్యదేవ్. ఈ పనికి సలహా ఇస్తున్న స్ట్రక్చరల్ ఇంజనీరు. పొట్టి మనిషి, మెత్తటి మాట. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. ఖుర్షీదాకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది అక్కడున్న వాళ్ళలో అతనొక్కడే.

"ఇన్‌స్పెక్టర్ గారూ, తల్లి మనసు. చూసుకోనివ్వండి. అరగంటలో కొంప మునగదు," అన్నాడు. "కాకపోతే రెండో గది దాకానే వెళ్ళండి జెబా గారూ. మూడోది ఏ నిమిషానైనా కూలేలా ఉంది."

సుబ్బరాజు గడియారం చూసుకున్నాడు. "పన్నెండు. ఒక్క నిమిషం దాటినా నిన్ను ఎత్తి జీపులో పడేయిస్తా."

"ఎత్తేటోళ్ళను ఇద్దర్ని పిలిపించుకోండ్రి," అని జెబా గొట్టం మీంచి కాలు తీసి, పంపు తాళంచెవి పీకి తన జేబులో వేసుకుంది.

మొదట వాచ్‌మన్ తుకారాం. గోతి పక్కన రేకుల షెడ్డు అతని రాజ్యం. గోడకు పసుపు పూసిన ఇటుక ఒకటి, ఎండిపోయిన పూలు, సగం వాడిన పసుపు పొట్లం. బుధవారం పొద్దున పని మొదలుపెట్టే ముందు పూజ చేశారు.

"తారిఖ్ ఎన్నింటికి దిగిండు, తుకారాం అన్నా?"

"గురువారం నాలుగూ పదికి."

"పైకి?"

"ఆరుం పావుకు. నేను చూసేటాల్లకే హెల్మెట్ పెట్టుకొని స్కూటర్ మీదున్నడు, పోయిండు."

"మొఖం చూసినవా?"

"హెల్మెట్ల మొఖమేడ కనబడ్తదమ్మా. నేను చేయి ఊపిన. వాపస్ ఊపలే. రోజూ ఊపుతుండే." తుకారాం తల గోక్కున్నాడు. "కోపమొచ్చిందేమో అనుకున్న."

"మధ్యల ఏడికన్న పోయినవా?"

"ఐదింటికి చాయ్‌కు. పది నిమిషాలు."

జెబా అతని మొహంలోకే చూసింది.

"అరగంట," అన్నాడు తుకారాం. "చాయ్ ఒక్కటే తాగితే పది నిమిషాలే. ముచ్చట్లుసుత ఉంటయి కదా."

"సున్నం తొట్టి ఏడున్నది?"

"కిందనే, మొదటి గదిల. కమాను మరమ్మతుకు తెచ్చిన్రు. కాని సున్నం మేస్త్రీలు మంగళవారమే తొట్టి నిండ సున్నం ఇడిసిపెట్టి, పని బందు పెట్టి పోయిన్రు. పూజకు సుత లేరు."

"పూజల ఎవరు కూసున్నరు?"

"సేఠ్, ఇంజనీర్ సార్, ఇన్‌స్పెక్టర్ సాబ్, నేను. నలుగురికీ పంతులు కంకణం కట్టిండు." తుకారాం కుడిచెయ్యి ముందుకు చాచి గర్వంగా చూపించాడు. "తొమ్మిది రోజులు తియ్యొద్దన్నడు. తీస్తే పని సాగదట."

ఇక హరికిషన్.

"గురువారం సాయంత్రం ఏడున్నరు, సేఠ్?"

"బోయిన్‌పల్లి మార్కెట్ల. మా బామ్మర్ది దుకాణం ఓపెనింగ్. ఐదు నుంచి ఎనిమిది దాకా ఆడనే. వీడియో ఉన్నది, చూస్తవా?"

"తర్వాత. తారిఖ్‌తోని లడాయి ఏమన్న అయ్యిందా?"

"వాడు నాతోని మాట్లాడితే కద, లడాయి అయ్యేటందుకు. ఏదున్నా ఇంజనీర్‌కే చెప్పుతడు."

"మీరు సార్?" జెబా సత్యదేవ్ వైపు తిరిగింది.

"ఆఫీసులో, డ్రాయింగుల ముందు. ఒక్కణ్ణే."

"ఈ గదుల్లకు ఎన్నిసార్లు దిగిండ్రు?"

"మొదటి మెట్టు కూడా దిగలేదండి. ఆస్తమా. దుమ్ము పడదు. తారిఖ్ పంపే ఫోటోలే నా కళ్ళు."

ఖుర్షీదా దగ్గరికొచ్చి ఫోను చేతిలో పెట్టింది. కొడుకు పంపిన ఆఖరి మెసేజి. గురువారం, నాలుగూ యాభై రెండు. 'సార్‌కు ఒకటి చూపించి వస్త అమ్మీ. లేటైతది.'

"ఆ సారే దీపాలు కొనేవాడు," అన్నాడు వెనకనుంచి సుబ్బరాజు. "మేం చదవలేదనుకున్నావా?"

"చదివిండ్రు. బాగనే చదివిండ్రు," అంది జెబా. షెడ్డులోకి వెళ్ళి పసుపు పొట్లం, ఒక చెంబు నీళ్ళు తీసుకుంది. "కిందికొస్తరా రాజుగారూ? లేకపోతే మీకుసుత ఆస్తమానా?"

పదకొండు ముప్పై ఎనిమిదికి ఇద్దరూ మెట్లు దిగారు.

మొదటి గది పదడుగుల వెడల్పు. వంపు తిరిగిన రాతి కప్పు. గోడల్లో ఎడమన ఒక అర, కుడిన ఒక అర. ఒక్కోదాని మూతి రెండడుగులు, లోపల మనిషి ముడుచుకుని పట్టేంత చోటు. వెనకటి రోజుల్లో సరుకు దాచుకోవడానికి చేసినవి. గాలి ఆడటానికి ప్రతి అరలోంచీ ఒక మట్టి గొట్టం పైకి పోయింది. మూలన సున్నం తొట్టి. జెబా టార్చి వేసి చూసింది. తొట్టిలో సున్నం అంచుకు జానెడు కిందికి దిగి ఉంది. పక్కన సగం ఖాళీ అయిన సిమెంటు సంచి.

"మేస్త్రీలు మంగళవారమే పోయిన్రు. మరి సున్నం ఎవరు తిన్నరు?"

"సున్నం లెక్క నేను రాసుకోవాలా?"

రెండో గది. ఎడమన అర, కుడిన అర.

మూడో గది గుమ్మం దగ్గర సుబ్బరాజు ఆగాడు. "ఇంజనీరు ఇక్కడిదాకానే అన్నాడు."

"అందుకే పోతున్న," అని జెబా లోపలికి నడిచింది.

గది కూలేలా ఏమీ లేదు. కప్పు రాళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉన్నాయి. కానీ గది మధ్యలో, కప్పును చీల్చుకుని కిందికి దిగిన మందపాటి స్తంభం ఒకటి ఉంది. దాని అడుగు రాతిలో లేదు. పూడిక మట్టిలో కూరుకుని ఉంది. జెబా దాన్ని పిడికిలితో కొట్టింది.

"నాలుగు వందల ఏండ్ల కింద సిమెంటు పిల్లర్ ఏసిన్రా రాజుగారూ?"

సుబ్బరాజు టార్చి పిల్లర్ మీద పైకీ కిందికీ తిరిగింది. మొదటిసారి అతని గొంతులో వెటకారం తగ్గింది. "పైనేముంది?"

"మూడేండ్ల కింద లేచిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. ముప్పై రెండు కుటుంబాలు ఉంటున్నయి. పునాది తవ్వినప్పుడే ఈ గది కనబడ్డది. కనబడ్డా నోరు మూసుకొని, పూడిక మట్టి మీదనే పిల్లర్ దింపిన్రు. తారిఖ్ కొలతలు తీసుకుంట వచ్చి గురువారం దీన్ని చూసిండు. 'ఒకటి చూపించి వస్త' అన్నది దీపాల గురించి కాదు. దీని గురించే."

"అయితే హరికిషన్ అన్నమాట. వాడే కట్టింది."

"ఆ అపార్ట్‌మెంటు గేటు మీద బోర్డుల రెండు పేర్లున్నయి. బిల్డర్ హరికిషన్. స్ట్రక్చరల్ ఇంజనీర్ సత్యదేవ్."

"ఇదంతా బానే ఉంది. మరి కుర్రాడేడి?"

జెబా కుడి గోడ మీదికి టార్చి వేసింది. అక్కడ అర ఉంది, ఖాళీగా. ఎడమ గోడ మీదికి వేసింది. గోడే ఉంది. మసి పట్టి, అన్ని వైపులా ఉన్న గోడలాగే.

"మొదటి గదిల రెండు. రెండో గదిల రెండు. ఈడ ఒక్కటే."

"కట్టినవాడికి ఓపిక అయిపోయిందేమో."

"మా నాయిన దస్తగిరి సున్నం మేస్త్రి. నలభై ఏండ్లు గదే పని. చిన్నప్పుడు నాతోని ఒక ఆట ఆడుతుండే. పాత గోడ ఏది, మొన్న పూసింది ఏది, కనుక్కో అని." జెబా పొట్లం విప్పి చెంబులో పసుపు గుమ్మరించి చేత్తో కలిపింది. "పచ్చి సున్నం పసుపును ఎర్రగ చేస్తది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు మీ ఇంట్లసుత కలుపుతరు కద. ఏండ్లు గడిచి గట్టిపడ్డ సున్నానికి ఆ గుణం పోతది. పసుపు పసుపు లెక్కనే ఉంటది."

ఆమె చెంబులో సగం కుడి గోడ మీద చిమ్మింది. నీళ్ళు పచ్చగా జారాయి. పచ్చగానే ఆగాయి.

మిగిలిన సగం ఎడమ గోడ మీద కొట్టింది.

ఒక్క క్షణం అదీ పచ్చగానే ఉంది. తర్వాత నడుము ఎత్తున, రాయికీ రాయికీ మధ్య సందుల్లో, సన్నటి ఎర్ర గీతలు లేచాయి. గీతలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోయి, రెండడుగుల చదరం ఒకటి గోడ మీద ఎర్రగా తేలింది. దాని చుట్టూ గోడంతా పసుపు.

సుబ్బరాజు చొక్కా చేతులు పైకి మడిచి, మూలన పడున్న గడ్డపార తనే అందుకున్నాడు.

మూడో దెబ్బకు ఒక రాయి కదిలింది. అయిదో దెబ్బకు ఊడిపడింది. జెబా చెయ్యి లోపలికి దూర్చి తడిమింది. చల్లటి కంచు తగిలింది. ఆ పక్కన గుడ్డ. ఆ గుడ్డ కింద వెచ్చదనం.

"రాజుగారూ, మెల్లగ," అంది. "ఊపిరి ఆడుతున్నది."

పదకొండు యాభై రెండుకు తారిఖ్‌ను పైకి తెచ్చారు. తల వెనక నెత్తురు గడ్డ కట్టింది. పెదాలు పగిలాయి, స్పృహ లేదు. మట్టి గొట్టంలోంచి వచ్చిన గాలి నలభై రెండు గంటలు నిలబెట్టింది. అతనితో పాటు ఆ అరలోనే రెండు కంచు దీపాలూ ఉన్నాయి.

అంబులెన్సు వచ్చింది గాని సందులోకి దూరలేదు. మిక్సర్ లారీలు అడ్డం. లారీలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, అంబులెన్సు మనిషి గోతి అంచునే సెలైను ఎక్కించాడు. ఖుర్షీదా ఏడవలేదు. కొడుకు అరికాళ్ళు రెండు చేతులతో రుద్దుతూ కూర్చుంది.

"దీపాలు దొరికినయి రాజుగారూ," అంది జెబా. "రైలెక్కిన దీపాలు."

"సరే. ఒప్పుకున్నా," అన్నాడు సుబ్బరాజు పళ్ళ బిగువున. "ఎవడు?"

"ఒక్క పని చెయ్యండ్రి. పూజల కూసున్న నలుగురూ కుడి చేతులు చాపండ్రి. మీరుసుత."

తుకారాం చాపాడు. మాసినా, పసుపే. హరికిషన్ విసురుగా చాపాడు. పసుపు. సుబ్బరాజు తన చెయ్యి తనే చూసుకుని చాపాడు. పసుపు.

సత్యదేవ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేం తమాషా అండీ? పిల్లాడు దొరికాడు, సంతోషం. ముందు హాస్పిటల్‌కి..."

"లారీలు జరుగుతున్నయి సార్. గుండీ తీయుండ్రి."

అతను కదల్లేదు. సుబ్బరాజే అతని చెయ్యి పట్టుకుని గుండీ విప్పి, చొక్కా మోచేతి దాకా లాగాడు. మణికట్టుకు కంకణం ఉంది. లోపలి వైపు, అరచేతికి దగ్గరగా, దారం ముదురు ఎరుపు.

"కుంకుమ," అన్నాడు సత్యదేవ్. "పూజలో అంటుకుంది."

జెబా పిడికిలి విప్పింది. గోడలోంచి ఊడిన సున్నపు పెళ్ళ ఉంది అందులో, ఇంకా తడి ఆరనిది. "మీ చెయ్యి ఇటియ్యుండ్రి రాజుగారూ."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఇచ్చాడు. ఆమె పెళ్ళను నలిపి అతని కంకణానికి రుద్దింది. చుట్టూ ఉన్నవాళ్ళ తలలన్నీ ముందుకు వంగాయి. సుబ్బరాజు పసుపు దారం వాళ్ళ కళ్ళ ముందే రంగు మారి, సత్యదేవ్ దారం ఉన్నట్టే ఎర్రబడింది.

"సున్నం తొట్టి కింద ఉన్నది," అంది జెబా. "మేస్త్రీలు మంగళవారం పోయిన్రు. కంకణాలు కట్టింది బుధవారం. మీరు మొదటి మెట్టు సుత దిగలేదన్నరు. మరి సున్నం మీ చేతికెట్ల అంటింది సార్?"

సత్యదేవ్ చొక్కా చెయ్యి మణికట్టు మీదికి లాక్కున్నాడు.

"తుకారాం చాయ్‌కు పోయినప్పుడు వచ్చిండ్రు. పిల్లర్ చూపించిండు తారిఖ్. ముప్పై రెండు ఇండ్లు ఖాళీ చేయించాలె సార్ అని ఉంటడు. తల మీద కొట్టి, చచ్చిండనుకొని అరల దూర్చిండ్రు. కింద పడున్న రాళ్ళతోనే మూసి, సున్నంల సిమెంటు కలిపి అతికి, మసి పూసిండ్రు. హెల్మెట్ పెట్టుకొని స్కూటర్ స్టేషన్ల పెట్టొచ్చిండ్రు. అద్దాలు మీ ఎత్తుకు వంచుకున్నరు, మళ్ళ లేపుడు మరిచిపోయిన్రు. అన్నిటికీ పన్నెండు గంటల కాంక్రీటు ఉన్నదనుకున్నరు. కాని కంకణం తెంపుకోలేదు."

"తొమ్మిది రోజులు తియ్యొద్దన్నారు," అన్నాడు సత్యదేవ్, తనలో తాను చెప్పుకున్నట్టు. "అమ్మ కూడా మరీ మరీ చెప్పింది."

హరికిషన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేల గట్టిదని సంతకం పెట్టి ఇచ్చినవ్ కదయ్యా నాకు."

ఆఖరి లారీ సందు దాటింది. అంబులెన్సు వెనక్కి వచ్చి తలుపులు తెరుచుకుంది. తారిఖ్‌ను లోపలికి ఎక్కించారు. ఖుర్షీదా మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్."

"ఎక్కమ్మా, ఆలస్యమవుద్ది."

"నిన్న పొద్దున మీ వైర్‌లెస్‌ల నా కొడుకు పేరు చెప్పిన్రు. దీపాల దొంగ అని. సందుల అందరు విన్నరు. ఫాల్స్ కుట్టనిచ్చిన చీరలు సుత వాపస్ తీస్కపోయిన్రు." ఆమె గొంతు పెంచలేదు. "ఏ నోటితోని నా కొడుకు పేరు చెప్పిన్రో, గదే నోటితోని అసలోని పేరు చెప్పుండ్రి. విన్నంకనే ఎక్కుత."

సుబ్బరాజు జెబా వైపు చూశాడు. జెబా గడియారం వైపు చూసింది. పన్నెండు. జేబులోంచి పంపు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

"మీ టైముకే అయిపోయింది, రాజుగారూ. కానియ్యుండ్రి."

సుబ్బరాజు భుజం మీది వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గరికి తెచ్చుకుని మీట నొక్కాడు. ఎర్రబడ్డ కంకణం అతని గడ్డానికి తగులుతోంది.

"కంట్రోల్, సుబ్బరాజు మాట్లాడుతున్నా. బోయిగూడ నేలమాళిగ కేసు. నిన్న ఇచ్చిన తారిఖ్ పేరు కొట్టేయండి. అతను నిర్దోషి, ప్రాణాలతో ఉన్నాడు. హత్యాయత్నం కింద ఇప్పుడే ఒకణ్ణి అరెస్టు చేస్తున్నా."

అవతల నుంచి గరగరమంటూ అడిగారు, పేరేమిటని.

ఇన్‌స్పెక్టర్ ఖుర్షీదా కళ్ళలోకి చూస్తూ, సందు చివరి ఇంటిదాకా వినబడేలా చెప్పాడు.

"సత్యదేవ్."